బావ నేర్చుకున్న అబద్ధం

ఆ కిటికీ దగ్గర నిలబడకే తల్లీ, తెర కదిలితే వీధిలోకి తెలుస్తుంది. ఇలా వచ్చి కూర్చో. ఏమడిగావు? తాతయ్య అయితే ఏం చేసేవాడనా? అందరూ అదే అడుగుతారు. సెమినరీలో ఆయన పటం కింద నిలబడి ఫొటోలు దిగేవాళ్ళూ అదే అడుగుతారు, ఆయన పుస్తకం మీద ఇంకో పుస్తకం రాసి డాక్టరేటు కొట్టినవాళ్ళూ అదే అడుగుతారు. నువ్వు ఆయన మనవరాలివి, పైగా ఆయన నిలబడిన చోటే నిలబడి ప్రసంగం చెప్పే పాస్టరమ్మవి, నువ్వైనా ఇంకోటేదైనా అడుగుతావేమో అనుకున్నాను. సరేలే. పైన నా గదిలో ఆ పిల్ల పడుకుందా, ఇంకా ఏడుస్తోందా? పెదవి మీద కుట్లు లాగుతున్నాయంటే స్ట్రా వేసి పాలు పట్టించు. సాయంత్రం బస్సు ఎక్కేదాకా మన ప్రాణాలు అరచేతిలోనే. వాళ్ళాయన రాడంటావా? ఎందుకు రాడు! ఊరంతా వెతుక్కుని వెతుక్కుని చివరికి నీ గుమ్మానికే వస్తాడు. సంఘపెద్ద కదా, పాస్టరమ్మని అడిగే హక్కు తనకుందనుకుంటాడు. "అమ్మగారూ, మీరు అబద్ధమాడరని ఊరందరికీ తెలుసు. మా ఆవిడ ఇక్కడుందా లేదా, ఒక్క మాట చెప్పండి, వెళ్ళిపోతాను" అంటాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని మరీ అంటాడు, చూస్తూండు. పదిమందిలో ఆ చేతులకున్నంత మర్యాద ఇంకెవరి చేతులకీ ఉండదు. అప్పుడు ఏం చెప్పాలన్నదేగా నీ బెంగ? పొద్దుట్నించీ బైబిలు తిప్పుతున్నావు, పేజీలు నలగడం తప్ప ఏం లాభం లేదు.

మీ తాతయ్య అంటే నాకు బావ. అమ్మ పోయాక అక్క నన్ను తన దగ్గరికి తెచ్చుకుంది, అప్పట్నించీ వాళ్ళింట్లోనే. పాస్టర్లని తయారుచేసే లూథరన్ సెమినరీలో నీతిశాస్త్రం చెప్పేవాడు, మన చర్చికి పాస్టరు కూడా ఆయనే. అబద్ధమన్నది ఆయన నోట పుట్టలేదు. పుట్టలేదంటే పుట్టలేదు. భోజనానికి పిలిచిన అతిథి ముందే "కూరలో ఉప్పెక్కువైంది" అనేవాడు. ఆ పెద్దమనిషి మొహమాటానికి "అబ్బే, బాగుందండీ" అంటే, "మీరెందుకు అబద్ధమాడుతున్నారు?" అని ఆయన్ని పట్టుకునేవాడు. ఆ అతిథి మళ్ళీ మా వీధి మొహం చూస్తే ఒట్టు. కుర్రాళ్ళు వెనకాల 'కొలబద్ద' అని పిలిచేవాళ్ళు. ఎదురుగా కాదులే, అడిగితే నిజం చెప్పాల్సి వస్తుందని భయం. మంచివాడే, కాదనను. మహా మంచివాడు. మంచివాడితో కాపురం ఎంత కష్టమో మా అక్కని అడగాలి. అడిగినవాడు ఎవడూ లేడు, అది వేరే సంగతి.

ఆ రోజుల్లో ప్రభుత్వం తలకిందులై వీధుల్లోకి పటాలం దిగింది. నీకు తెలీదు, మీ అమ్మే అప్పటికి పాలు తాగే పిల్ల. బావ ఓ మధ్యాహ్నం ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటర్ని లోపలికి తీసుకొచ్చాడు. కరపత్రాలు అచ్చువేశాడని వాణ్ణి వెతుకుతున్నారు. "గుమ్మం ముందుకొచ్చినవాణ్ణి పొమ్మనడం పాపం" అన్నాడు బావ. నిజమే. గుమ్మం మరి అక్కది కూడా కదా, ఒక్క మాట అడిగాడా? అడగలేదు. వాణ్ణి మేడమీద నా గదిలోనే పెట్టారు. నేను వంటింట్లో పడుకునేదాన్ని. వాడి వేళ్ళ సందుల్లో సిరా, నా దుప్పటినిండా ఆ మరకలే. ఎంత ఉతికినా పోలేదు, చివరికి దాన్ని మసిగుడ్డలు చేశాం... ఏం చెబుతున్నాను? ఆఁ, పటాలం వాళ్ళు. ఒకరోజు వచ్చారు. ఆఫీసరు చదువుకున్నవాడిలాగే ఉన్నాడు, బూట్లు తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు. "అయ్యగారూ, మీ సంగతి విన్నాను. ఇల్లు వెతకను. ఎవరైనా ఉన్నారా లేరా, మీ నోటితో చెప్పండి చాలు." విన్నావా? చాలు అన్నాడు! లేరు అని రెండక్షరాలు అంటే గుమ్మం దిగి వెళ్ళిపోయేవాడు. మా బావ ఏం చేశాడనుకున్నావు? నోరు మూసుకుని నిలబడ్డాడు. మౌనం అబద్ధం కాదట, తర్వాత చెప్పాడు. కాదు మరి, అది చాటింపు! ఆఫీసరు కళ్ళు మెల్లిగా మెట్ల మీదికి వెళ్ళాయి.

అప్పుడు వంటింట్లోంచి అక్క వచ్చింది, చేతుల పిండి తుడుచుకుంటూ. "ఉంది బాబూ, పైన మా చెల్లెలు. క్షయ. నెత్తురు కక్కుతోంది. వెళ్ళి చూసుకోండి, కాకపోతే ముక్కుకి గుడ్డ కట్టుకోండి" అంది. ఆ చెల్లెల్ని నేను, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను! కత్తి అక్కడే పడేసి వెనక మెట్ల మీంచి ఒక్క పరుగు. వాణ్ణి మంచం కిందికి తోసి, దుప్పటి లాక్కుని దగ్గాను చూడూ... పేగులు నోట్లోకొచ్చేలా దగ్గాను. ఉల్లిపాయలకి కళ్ళు ఎలాగూ ఎర్రబడే ఉన్నాయి. సిపాయి ఒకడు తలుపు తోసి చూసి, తోసినంత జోరుగానే మూసేశాడు. నవ్వకు. వాడు నవ్వలేదు, మంచం కింద ఆ కంపోజిటర్ కూడా నవ్వలేదు, వాడి పళ్ళు టకటక కొట్టుకోవడం నాకు వినిపిస్తోంది. కంపోజిటర్ బతికిపోయాడు. చిక్కొచ్చిపడింది నాకే, క్షయ అన్న మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. పాలవాడు సీసా గేటు దగ్గరే పెట్టి పోయేవాడు. నాకో బడిపంతులితో పెళ్ళి మాట అనుకున్నారు అప్పటికి. ఆయన చల్లగా జారుకున్నాడు. పోతే పోయాడు, అతనికి చెవుల్లో వెంట్రుకలు. కానీ చూడు, బావ నాలుక తెల్లగా ఉండటానికి ఖర్చయింది నేనూ అక్కా.

అసలు సంగతి ఇప్పుడు వస్తుంది, విను. మన సంఘంలో అప్పుడో పద్ధతి ఉండేది, మీరు ఎత్తేశారు. ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభురాత్రి భోజనానికి బల్ల దగ్గరికి రావాలనుకున్నవాళ్ళు శనివారమే అయ్యగారి గదికెళ్ళి పేరు చెప్పుకోవాలి. మనసులో ఏమైనా ముల్లుంటే అక్కడ తీసుకోవాలి. భార్యకైనా మినహాయింపు లేదు. అక్క లోపలుంది, నా వంతు కోసం నేను గుమ్మం బయట. బావ గొంతు వినిపించింది, మెత్తగానే, "ఆ రోజు ఆడిన అబద్ధానికి పశ్చాత్తాపపడ్డావా?" అని. అక్క, అరవలేదు, అరిచే మనిషి కాదు, కూరగాయల బేరం ఆడినట్టే అంది: "పడ్డాను. అది పాపమే. నేను కాదనను. కానీ ఆ పాపం మీది, నేను మోస్తున్నాను. మీ మాటైతే వాళ్ళు ఊరికే నమ్మేవాళ్ళు. నా మాట నమ్మించడానికి మా చెల్లెలి ఊపిరితిత్తులు కావాల్సొచ్చింది. ఇన్నేళ్ళూ నిజాలు చెప్పి చెప్పి కూడబెట్టిన పరువు, ఒక మనిషి ప్రాణం మీదికొచ్చినప్పుడు తియ్యకపోతే, ఇంకెందుకు దాచుకుంటున్నట్టు? పరలోకంలో చూపించుకోవడానికా? శుభ్రమైన చేతుల్ని చూసి మురిసిపోకండి, ఆ ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతున్నారో అడగండి." లేచి బయటికొచ్చింది. నా చెయ్యి పట్టుకుని, "నువ్వు రేపు బల్ల దగ్గరికి వెళ్ళు, ఆకలి నీకు తప్పు కాదు" అంది. అదేం మాటో ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు.

మర్నాడు బావ పాస్టరు గౌను వేసుకోలేదు. చర్చిలో ఆఖరి బెంచీలో, చెప్పులు విడిచే చోట, కూర్చున్నాడు. రొట్టె విరిచేవాడు లేక బల్ల అలాగే ఉంది. సంఘపెద్దలు గుసగుసలు, "ఒంట్లో బాగోలేదా అయ్యగారికి?" "బాగానే ఉంది. నాకు అర్హత లేదు" అన్నాడు, అక్కడా నిజమే! ఆ తర్వాతే ఆయన ఆ పుస్తకం రాసింది. నీకు కంఠతా వచ్చుకదా, తప్పుని ఒప్పు అనకు, కానీ పక్కవాణ్ణి బతికించడానికి చెయ్యాల్సొస్తే చేసి, దాని బరువు నువ్వే మోసుకుంటూ దేవుడి ముందు నిలబడు, క్షమించడం ఆయన పని అని. పాతికేళ్ళ కుర్రాళ్ళు దాన్ని పట్టుకుని జైళ్ళకి వెళ్ళారు, డాక్టర్లు చదువుతున్నారు, లాయర్లు చదువుతున్నారు. గిన్నెల మాట సెమినరీ గోడమీద పెద్దక్షరాలతో రాయించారు, కింద బావ పేరు. పుస్తకంలో ఆయన "ఒక విశ్వాసి నాతో అన్నట్టు" అని రాశాడు. ఒక విశ్వాసి! పక్కమీద పడుకునే మనిషి! అక్క చదివి నవ్వి, "పోనీలే, విశ్వాసం ఉందని ఒప్పుకున్నారు" అంది.

ఆ పుస్తకం సంగతి నీకు తెలిసిందే. తెలియంది, పటాలం రెండోసారి వచ్చినప్పటిది. అప్పుడు ఇద్దరు విద్యార్థులున్నారు కట్టెల కొట్టంలో. ఈసారి అక్క లేవబోతే బావ చెయ్యి అడ్డం పెట్టాడు. తనే వెళ్ళి తలుపు తీశాడు. అబద్ధమాడాడు. అయ్యో, ఎంత అధ్వాన్నంగా ఆడాడో! వాళ్ళు ఇంకా నోరు తెరవలేదు, "మా ఇంట్లో ఎవరూ లేరు, కొట్టంలో అసలే లేరు" అన్నాడు. యాభై ఏళ్ళు నిజం చెప్పిన నోరు, దానికి ఎక్కడ ఆపాలో తెలీదు. కుర్రాళ్ళు గోడ దూకడానికి మాత్రం సమయం చాలింది. లోపల పక్కబట్టలు వెచ్చగా దొరికాయి. ఆయన్ని తీసుకెళ్ళారు, తిరిగి రాలేదు. అక్క ఆ తర్వాత నాతో ఒకేసారి అంది, "నేను ఆయనకి అబద్ధం ఎందుకు చెప్పాలో చెప్పానే గానీ, ఎలా చెప్పాలో నేర్పలేదే" అని. నువ్వు గోడమీద రాతలు చదివావు. నాకు ఆ గొంతే వినిపిస్తుంది.

అందుకే ఏదీ, నా మొహం చూసి చెప్పు: "మీ ఆవిడ ఇక్కడికి రాలేదు." ఛీ, అదేం చూపు, దొంగపిల్లిలాగా! మళ్ళీ. గుటకలు మింగకు. "నాకు తెలిసినంతవరకు" అని ఎందుకు తగిలిస్తావు? కోర్టా ఇది? మళ్ళీ... ఇది కాస్త నయం. కన్నీళ్ళొద్దు. పాపమేనే తల్లీ, కాదని ఎవరన్నారు? తర్వాత ఏడుద్దాం, ఇద్దరం కూర్చుని తీరిగ్గా ఏడుద్దాం. ఏంటి? నేను చెప్పనా? నాకు వచ్చుగా, అలవాటుగా? ఎనభై దాటిన ముసలిదాన్ని, మతి లేదనుకుని లోపలికి తోసుకొస్తాడు. నీ మాటకైతే ఆగుతాడు. ఈ ఊళ్ళో వాడు ఆగేది దానికొక్కదానికే.

ఉండు. గేటు చప్పుడా అది?

అవును, వాడే. టోపీ తీశాడు. ... నా వైపు చూడకు. వెళ్ళు. నేను లేవను తల్లీ. లేవలేక కాదు.