సొరుగుల సార్‌కు ఒక సొరుగు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూన్ అయిదవ తేదీ, సోమవారం ఉదయం, మన కప్‌బోర్డుల కర్మాగారంలో మేకులు, మరలు, బందులు భద్రపరిచే స్టోరు గదికి సహాయకులుగా మన సార్ ప్రవేశించారు. ఈ నెలాఖరున కొనుగోళ్ళ విభాగాధిపతిగా, మీ అందరికీ ‘సొరుగుల సార్’గా, నేను వరస కలుపుకుని పిలిచే అన్నగారిగా పదవీ విరమణ చేస్తున్నారు. దీనిని శుభసందర్భమని రాయాలో, దుఃఖసందర్భమని రాయాలో తేల్చుకోలేక, సావనీరు సంపాదకవర్గం వారి గడువు దాటిపోతుండగా, రెండు మాటలూ కొట్టివేసి ఉత్త సందర్భమని మాత్రమే ఉంచాను. మహనీయుల సుగుణాలను వర్ణించడానికి మాటలు చాలవని చెప్పుకోవడం ఇటువంటి వ్యాసాలలో పరిపాటి. నా ఇబ్బంది వేరు. మాటలు కావలసినన్ని ఉన్నాయి, ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదు.

వారు కొలువులో చేరిన కాలంలో సొరుగు అంటే చెక్క మీద చెక్క జారడమే. వానలకు ఉబ్బి బిగుసుకునేది, ఎండలకు ఎండి గలగలలాడేది. తరువాత సొరుగును పట్టాల మీద నడిపించే చిన్న చక్రాల స్లైడ్లు వచ్చాయి. వాటితోపాటే అన్నగారు స్టోరు గది నుంచి కొనుగోళ్ళ విభాగానికి వచ్చారు. ఆ పిమ్మట పక్కలకు బిగించే బాల్ బేరింగ్ స్లైడ్లూ, వారికి పదోన్నతీ ఇంచుమించు కలిసే వచ్చాయి. చిట్టచివరకు, సొరుగు అడుగున దాగి ఉండి, పూర్తిగా తెరిచినా కంటికి కనబడని అండర్‌మౌంట్ స్లైడ్లు మన గుమ్మం తొక్కాయి. వాటితో చేసిన తొలి నమూనాను చూసిన మన యజమానిగారు సొరుగును బయటికి లాగి, అటూ ఇటూ తొంగిచూసి, “స్లైడ్లు పెట్టడం మర్చిపోయి దీన్ని గాల్లో ఎలా నిలబెట్టారయ్యా?” అని అడిగిన సంగతి ఆనాటివారందరికీ గుర్తే.

డ్రాయింగ్ విభాగంలో ఇన్నేళ్ళుగా సొరుగులు గీస్తున్నానే గాని, వాటికి ఏ స్లైడు వేయాలన్న ప్రశ్న ఎదురైనప్పుడల్లా నా బుర్ర గిర్రున తిరిగిపోతుంది. ఎంత బరువు మోయాలి, ఎంత పొడవుండాలి, సొరుగు పూర్తిగా బయటికి రావాలా ముప్పాతిక వస్తే చాలా, తనంతట తాను మెల్లగా మూసుకోవాలా, పిడి లేకుండా వేలితో తడితే తెరుచుకోవాలా? ఒకదానికి జవాబు దొరికేసరికి మొదటిది మరిచిపోతాను. పక్క స్లైడ్లయితే కొలత కొంచెం తేడా వచ్చినా సర్దుకుపోతాయి. అండర్‌మౌంట్ స్లైడ్లకు ఆ మొహమాటం లేదు. వెడల్పు సరిగ్గా ఉండాలి, పక్క చెక్కల మందం పదహారు మిల్లీమీటర్లు దాటకూడదు. అందుకే, స్లైడు బల్ల మీదికి రానిదే సొరుగు చెక్కకు రంపం తగలరాదని అన్నగారు ఏనాడో శాసనం చేశారు, మనమందరం శిరసావహించాం. దానిని మనం ఉల్లంఘించినది ఒక్కసారే. అదీ వారికి ఇచ్చే కానుక విషయంలోనే.

వారికి మూడు సొరుగుల రాతబల్ల బహూకరించాలని, వారికి తెలియకుండా చేయాలని నిశ్చయించుకున్నాం. “మన సార్‌కి పల్చటి చెక్క వేస్తే చేతులు ఊరుకుంటాయా?” అంటూ పెద్ద మేస్త్రిగారు ప్రేమకొద్దీ మందపాటి టేకు తీసి, ఎవరూ చూడకముందే ముగించాలన్న తొందరలో మూడు సొరుగులూ కోసి, అతికించి, బిగించేశారు. ఆ తరువాత స్లైడ్లు తెచ్చి చూస్తే ఒక్కటీ కూర్చోలేదు. కోసిన చెక్కను అతికించలేం, అతికించిన సొరుగును విప్పలేం, మళ్ళీ చేద్దామంటే వీడ్కోలు సభకు వ్యవధి లేదు. వారికి చివరిరోజున తెరుచుకోని సొరుగులు చేతిలో పెట్టవలసి వస్తుందేమోనని నాకు ముద్ద దిగలేదు.

“ఎవరినైనా అడగాలి” అన్నాను.

“అడగాల్సింది ఒక్కరినే” అన్నారు మేస్త్రిగారు. “ఆయన్నే అడక్కూడదు.”

చివరకు ఒక కస్టమరును కల్పించుకుని అన్నగారి గదికి వెళ్ళాను. పెద్దాయన, ఉద్యోగం నుంచి దిగిపోతున్నారు, మూడు సొరుగుల రాతబల్ల కావాలంటున్నారు అని చెప్పాను.

“సొరుగుల్లో ఏం పెట్టుకుంటాడమ్మా?” అన్నారు.

“తెలీదండీ.”

“అది తెలీకుండా స్లైడు ఎలా చెప్పను? వాళ్ళావిడని కనుక్కుని రా.”

వెళ్ళి వదినగారినే అడిగాను. ఆవిడ నవ్వేశారు. “ఆయనకంటూ ఈ ఇంట్లో ఒక్క సొరుగు ఉంటేగా అమ్మాయ్! ఉన్నదల్లా వంటింటిది. అదీ పైకెత్తి, మోకాలితో ఒక్కటి పొడిస్తే గాని రాదు.” ఊళ్ళోవాళ్ళ సొరుగులన్నీ వెన్నలా జారేటట్టు చేసిన మనిషి ఇంట్లో ఇదేమిటని నేను తెల్లమొహం వేశాను. “బాగుచేస్తానని ఎన్నోసార్లు మరలు విప్పబోయారు. నేనే వద్దన్నాను. సాయంత్రం రాగానే తాళాలు అందులో పడేస్తారు. అది కీచుమంటే ఆయన వచ్చేసినట్టు. నేను పెరట్లో ఉన్నా వినబడుతుంది” అన్నారు. ఆ తరువాత గొంతు తగ్గించి, “ఇక వచ్చేది పోయేది ఉండదుగా. రోజంతా ఏం చేస్తారో నాకూ తెలీదు. అడిగితే చదివిన పేపరే మళ్ళీ తిరగేస్తారు” అన్నారు.

వెళ్ళినప్పటికంటే ఎక్కువ అయోమయంతో తిరిగివచ్చాను. మెల్లగా మూసుకునే స్లైడు వేస్తే వదినగారికి చప్పుడు ఉండదు, చప్పుడు ఉంచితే అన్నగారి విద్యకు అవమానం. ఎటూ తోచక, ఆ కల్పిత కస్టమరు భార్య చెప్పినట్టుగా అంతా వారికే అప్పజెప్పాను.

అన్నగారు కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీసి తుడిచారు. “పై సొరుగు పాతపద్ధతిలో చెక్క మీదే నడవనియ్యండి, తాళాలకు” అన్నారు. “కింది రెండింటికీ అండర్‌మౌంట్ వెయ్యండి. మెల్లగా మూసుకునేవి, పూర్తిగా బయటికి వచ్చేవి, ఎక్కువ బరువు మోసేవి.”

“అందులో ఏం పెట్టుకుంటారో తెలీదు కదండీ. ఖాళీ సొరుగుకు అంత బరువు మోసేది ఎందుకు?”

“ఏం పెట్టుకోవాలో ఆ పెద్దాయనకే తెలీదేమోనమ్మా. నాలుగురోజులు ఖాళీగా ఉంటే నష్టం లేదు. నిండినప్పుడు ఆగాలిగా.”

నేను గుమ్మం దాటబోతుంటే వెనక్కి పిలిచారు. “చెక్క కోసేశారా?”

“అబ్బే, లేదండీ.”

“మంచిది. ఒకవేళ ఎవరైనా ప్రేమకొద్దీ మందంగా కోసేసి ఉంటే, విప్పొద్దను. పక్కల కిందిభాగం, స్లైడు నడిచే మేర మాత్రం, లోపలివైపు నుంచి పల్చగా చెక్కితే సరిపోతుంది. పైకి మందం మందంగానే కనబడుతుంది.”

మేస్త్రిగారు అలాగే చెక్కారు. స్లైడ్లు కూర్చున్నాయి. వారికి అంతా తెలిసిపోయిందో, లేక ఏ కస్టమరుకైనా అలాగే చెప్పేవారో నాకు ఈ క్షణం వరకూ అర్థం కాలేదు. తెలిసే ఉంటే, రేపటి రోజు ఎలా గడుస్తుందో తెలియని మనిషి ఒకరు తన బెంగను నాతో ఆ ఒక్కసారే పైకి చెప్పుకున్నారన్నమాట. అది తలుచుకుంటే నాకు కళ్ళు చెమరుస్తున్నాయి.

ఈ సంచిక మీ చేతుల్లో ఉన్న వేళకు వేదిక పక్కన తెల్లగుడ్డ కప్పుకుని ఉన్నది ఆ బల్లే. అన్నగారూ, ఆ కింది రెండు సొరుగుల్లో ఏం పెట్టుకోవాలో మాలో ఎవరికీ తెలియదు. అందుకే ఏమీ పెట్టకుండా ఇస్తున్నాం. తాళాల సొరుగు మాత్రం వదినగారికి పెరట్లో వినబడేటట్టు మేస్త్రిగారు పదేపదే లాగి చూశారు. మీరు కాసేపు బయట తిరిగివచ్చినా చాలు, అది తన పని తాను చేస్తుంది. ఇక స్లైడ్ల విషయానికి వస్తే, ఇవి జీవితకాలం మన్నుతాయని తయారీదారులు హామీ ఇచ్చారు. ఎవరి జీవితకాలమో వారు చెప్పలేదు, నేనూ అడగలేదు. మీరు వదినగారితో కలిసి సంపూర్ణ ఆరోగ్యంతో, నిండిన సొరుగులతో ఆ స్లైడ్లు అరిగిపోయేదాకా జీవించాలనీ, అవి అరిగిపోయిన రోజున కొత్తవి ఎంచి పెట్టడానికి మీరే స్వయంగా మన కర్మాగారానికి నడిచి రావాలనీ మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఎందుకంటే అప్పటికి కూడా ఏది వేయాలో నాకు తెలియదు.