సరస్సు గుట్ట అవతల ఉంది

లోకంలో అందరికీ తమ్ముళ్లుంటారు. ఆమెకు మాత్రం నలభై ఏళ్లుగా ఒక్క తప్పూ చేయని తమ్ముడు దొరికాడు. అర్జెంటీనాలో, బరిలోచే పైకొండల్లో, అక్కడ వేసవి మొదలయ్యే డిసెంబరు లేత ఎండలో, చదునైన మంచు నడుమ ఇద్దరూ మాతే అనే ఆకు టీకి వేడినీళ్ల ఫ్లాస్కు ముందేసుకుని కూర్చున్నారు.

"సరస్సు ఇదేనేమోరా."

"కాదక్కా. ఆ గుట్ట అవతల."

"దారిలో బాణం గుర్తు ఇటే చూపించింది."

"గాలికి తిరిగుంటది."

"బండ మీద రంగుతో వేసిన బాణం గాలికి తిరుగుద్దా?"

"ఇక్కడి గాలి సంగతి నీకు తెలీదు."

ఆమె మాతే ఆకు వేసిన సొరకాయ బుర్రలో వేడినీళ్లు పోసి, మొదటి చేదు నీళ్లు అలవాటు కొద్దీ పక్కన పారబోసింది. మంచులో అరచేయంత చిల్లు పడింది. లోపల నల్లటి నీళ్లు.

"ఇదేంట్రా మరి?"

"మంచు కరిగిన గుంట."

"అందులో చేప పోతోంది."

"గుంటలో చేపలుండకూడదా?"

కింద ఎక్కడో ఫట్‌మంది.

"అది నా మోకాలు," అంటూనే అతను బోర్లా పడుకుని ఒడ్డువైపు పాకడం మొదలెట్టాడు. "అక్కా, నువ్వూ పాకు. లేచి నిలబడకు. బతిమాలుతున్నా!"

"ఎందుకూ? సరస్సు గుట్ట అవతల కదా."

ఆమె ఇంకో బుర్ర నింపుకుంది. వాడి నోట ఒక్క మాట వినడానికి నలభై ఏళ్లు ఆగింది, ఇంకో బుర్రెడు మాతే సేపు ఆగలేదా?

మళ్లీ ఫట్‌మంది, ఈసారి ఇంకా దగ్గరగా.

"రెండో మోకాలా?"

"కాదక్కా! సరస్సే! ఇదే సరస్సు, తప్పు నాదే, పాకు!"