శవం నవ్విన సినిమా, నా మొగుడి సన్మానం

అధ్యక్షులు, లవపియేస్ పేట ఫిలిం సొసైటీ పెద్ద ఎవరిస్తో గారికి, ఆదివారం భోజనం మధ్యలో వదిలేసి వచ్చిన పేట పెద్దలకు, దర్శకుడు లియాంద్రో చేత తిట్లు తిన్న కళాకారులందరికీ, తినకుండా తప్పించుకున్న పుణ్యాత్ములు ఎవరైనా ఉంటే వాళ్ళకూ మీ కాసిల్డా నమస్కారాలు.

ఇందాక ఎవరిస్తో గారు నన్ను 'దర్శకుల సతీమణి, పేరున్న ఎడిటర్' అని పిలిచారు. ఎడిటర్ అన్నమాట నిజమే. సతీమణి అన్నది కాగితం మీద మాత్రమే నిజం. ముందు వరసలో లియాంద్రో పక్కన కూర్చుని, అతని కోటు మీద పడిన రొట్టె పొడి దులుపుతున్న ఫెర్మీన్‌ను ఏమని పిలవాలో తెలియక, ఆయన 'కెమెరామన్ మిత్రులు' అని ఓసారి దగ్గి ఊరుకున్నారు. ముప్పై ఏళ్ళకు పైగా ఒకే మంచం మీద పడుకుంటున్న వాళ్ళు మిత్రులైతే, ఎవరిస్తో గారూ, మీ ఆవిడ మీకు పరిచయస్తురాలు. (నవ్వులు) పర్వాలేదు, మంచినీళ్ళు తాగండి.

లియాంద్రో ఇక సినిమాలు తీయడట. నడుము వద్దంది, డాక్టరు దాన్ని బలపరిచాడు. మీరంతా అతని కళ గురించి చాలా గొప్పగా మాట్లాడారు, నాకు సగం అర్థం కాలేదు. నేను ఒక్క సినిమా గురించే చెప్తాను, మనందరికీ పేరు తెచ్చిన ఆ పాపిష్టి సినిమా గురించి. కథ మీకు తెలుసు. శనివారం రాత్రి, బారు కిటకిటలాడుతుంటుంది. పెళ్ళయిన పెద్దమనిషి ఒకడు నాట్యం చేస్తూ చేస్తూ గుండె ఆగి పోతాడు. వ్యాపారం పాడవుతుందని యజమానురాలు ఆ శవానికి నల్లకళ్ళద్దాలు పెట్టి మూల బల్ల దగ్గర కూర్చోబెడుతుంది. ఒక పక్కన భార్య, ఇంకో పక్కన ప్రియుడు వచ్చి కూర్చుంటారు. ఆయన అలిగాడనుకుని తెల్లారేదాకా ఇద్దరూ వాటేసుకోవడం, బతిమాలడం, తిట్టడం.

ఆ బారు మన ఒబ్దూలియాది. అదిగో, మూడో వరసలో నిద్రపోతోంది, లేపకండి. రాత్రిళ్ళు గిరాకీ ఉంటుందని ఆవిడ మాకు పొద్దున పూటే ఇచ్చేది. అందుకని రాత్రి జీవితం గురించిన సినిమా మొత్తం పొద్దున టిఫిను అయ్యాక తీశాం. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, నూనెలో వేయించిన వేడి చుర్రోలు చాక్లెట్లో ముంచుకు తిని, మూతులు తుడుచుకుని, అప్పుడు నటులంతా ఒకరిమీద ఒకరు పడి కామంతో మూలిగేవాళ్ళు. అంత క్రమశిక్షణతో సాగిన విచ్చలవిడితనం నేను మళ్ళీ చూడలేదు.

అలాంటి చోటికి ఈ మహానుభావుడు లియాంద్రో శవానికి పసుపు రంగు సూటు కుట్టించుకొచ్చాడు. నటులకు పసుపు అపశకునమని, అది తొడుక్కుని కెమెరా ముందుకు వెళ్ళే నటుడు ఈ దేశంలో పుట్టలేదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈయన మాత్రం, నాకు మూఢనమ్మకాలు లేవు అన్నాడు. శవం వేషం వేయాల్సిన నటుడు, "ముందు నన్ను నిజంగా చంపండి సార్, తర్వాత మీ ఇష్టమొచ్చింది తొడగండి," అని చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు. ఒబ్దూలియా గుండెల మీద సిలువ గీసుకుని, "ఆ రంగు నా గడప దాటితే తాళం వేసేస్తా బాబూ," అంది. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. అప్పుడు ఫెర్మీన్ కెమెరా దించి, "నేను పుట్టిన రోజే మా నాన్న ఇల్లు వదిలిపోయాడు. ఇంతకన్నా దరిద్రం నాకేం పడుతుందిలే, ఇలా ఇవ్వండి," అని ఆ సూటు తొడుక్కుని కూర్చున్నాడు. కెమెరామన్ శవమైపోతే కెమెరా ఎవరు పట్టాలి? లియాంద్రో పట్టాడు.

ఆ ఫిలిమంతా నా ఎడిటింగు బల్ల మీదికి వచ్చింది. భార్య బతిమాలుతోంది, కెమెరా శవం మీద ఉంది. ప్రియుడు ఏడుస్తున్నాడు, కెమెరా శవం మీదే ఉంది. పోలీసు వచ్చి లైటర్ అడుగుతాడు, ఆ పోలీసు మొహం నేను ఇప్పటికీ చూడలేదు. శవం చెవి, శవం మెడ, శవం కాలరు. మా పెళ్ళిలో కూడా లియాంద్రో నన్ను అలా చూడలేదు. వేరే ఆడవాళ్ళకు మొగుడి చొక్కా మీద లిప్‌స్టిక్ మరక దొరుకుతుంది, నాకు డబ్బాల కొద్దీ ఫిలిం దొరికింది. ఒకచోట శవం నవ్వింది. చెడిపోయిన షాటు, తీసెయ్యమన్నారు. నేను ఉంచాను. తర్వాత ఆ నవ్వు మీద విమర్శకులు వ్యాసాలు రాశారు, మృత్యువు మీద మోహం సాధించిన విజయమట. లియాంద్రో కెమెరా వెనకనుంచి నాలుక బయటపెట్టి వెక్కిరించాడండీ, అంతే. (నవ్వులు) ఎందుకు ఉంచావని ఇప్పటికీ అడుగుతారు. ఆ సినిమా మొత్తంలో ప్రేమ కనిపించింది అక్కడొక్కచోటే. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ షాటు బాగుంది.

ఆ సాయంత్రం లియాంద్రోతో కూర్చుని బంగాళదుంపల ఆమ్లెట్టు తింటూ, "అతనేనా?" అన్నాను. "అతనే," అన్నాడు. తర్వాత, "ఉప్పు కాస్త ఎక్కువైంది," అన్నాడు. నేను ప్లేటు విసిరింది రెండో మాటకు.

అతను వెళ్ళిపోయాడు కానీ విడాకులు మాత్రం తీసుకోలేదు. ఈ సినిమా అయ్యాక, ఆ సినిమా అయ్యాక అనేవాడు. అతనిది బద్ధకం. నాది బద్ధకం కాదు. నాకు అతనంటే ప్రేమ. నవ్వకండి, ఇక్కడ నవ్వొద్దు. అతని పక్కన నా పేరు ఉంటే నాకు బాగుండేది, అంతే.

మొన్న చలికాలంలో ఫెర్మీన్‌కు గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రిలో నర్సు లియాంద్రోను, "మీరు ఆయనకేమవుతారు?" అని అడిగితే, జన్మంతా అబద్ధాలు చిత్రీకరించిన ఈ మనిషి అక్కడ ఒక్క అబద్ధం ఆడలేక, "స్నేహితుణ్ణి," అన్నాడు. బంధువులను పిలిపించమని నడవాలో కూర్చోబెట్టారు. అల్బసేతె నుంచి ఫెర్మీన్ మేనకోడలు బస్సెక్కి వచ్చేదాకా అతను బతికున్నాడో పోయాడో లియాంద్రోకు తెలియదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "అదే నీకు వచ్చుంటే, భార్యనని నన్ను నేరుగా లోపలికి పంపేవాళ్ళు," అన్నాను. "నీకేం, మహారాణివి," అన్నాడు, ఏడుస్తూనే. నాకు ఆ రోజు సిగ్గేసింది.

వేసవి వెళ్ళాక ఫెర్మీన్‌కు ఆపరేషను. అందుకని లియాంద్రో, ఇంతమంది ముందు అడుగుతున్నాను, తప్పించుకోలేవు. రేపు పదకొండింటికి నోటరీ దగ్గర మాట్లాడి పెట్టాను, ఇద్దరం వెళ్ళి సంతకం పెడితే విడాకులు అక్కడే అయిపోతాయి. గడ్డం గీసుకుని రా. ఆ తర్వాత వేసవిలోపే మీ ఇద్దరూ పెళ్ళి చేసుకోండి. ఈసారి ఏ నర్సు అడిగినా, "మొగుణ్ణి," అని చెప్పి నేరుగా లోపలికి వెళ్ళు. లేవకు, కూర్చో, నీ నడుము. ఫెర్మీన్, అతని చేతికి నీ రుమాలు ఇయ్యి.

ఇన్నాళ్ళూ నన్ను లియాంద్రో భార్యగా ఆదరించిన మీ అందరికీ కృతజ్ఞతలు, అందులో వెటకారం లేదు. లియాంద్రో, ఆకలేస్తే ఇంటికి రండి, ఇద్దరూ రండి, వండిపెడతాను. భార్యగా మాత్రం, ఇక సెలవు.