వంతెన కాడ రాక్షసుడు ఆగడు

ఎవరిని అడిగి పెట్టినవ్ శ్యామూ, ఆ ఆకును? నన్ను అడిగినవా? లేదు కదా! మరి రెండేండ్లు నేను ఆ ఆకు నెత్తిన పెట్టుకొని ఊరంత గెలిచినదాని లెక్క తిరిగితిని, నోరు మూసుకొని చూసుకుంట కూసున్నవ్?

కుర్చీ తుడవకు. నేను కూసుంట గని, ముందు నువ్వు కూసో. ఆ స్క్రూడ్రైవర్ పక్కకు పెట్టు. చాయ్ వద్దు. వద్దంటే వద్దు. ఇంతసేపు గిరాకీ ఉన్నదని ఊకున్న. నా ముందర పుట్టి పెరిగిన పిలగానివి, నలుగురి ముందర అంటే బాగుండదని. ఇగ ఎవ్వరు లేరు. నా దిక్కు చూడు.

ఇగో, ల్యాప్‌టాప్ తెచ్చిన. తెరువు. నువ్వు ఎక్కించిన ఆటే. పైన కుడి మూలకు చూడు, గోరంత పచ్చని ఆకు కనిపిస్తుందా? నేను దాన్ని ఏమనుకున్ననో ఎరుకేనా? నోటుబుక్కు మొదటి పేజీల పైన శ్రీ రాస్తం చూడు, గట్లాంటిదే ఆ ఆట చేసినోళ్లు పెట్టుకున్నరనుకున్న. ఏ దేశపోళ్లో గని మంచి అలవాటే అనుకున్న! రోజు దండును నడిపించే ముందు దాని దిక్కు ఒక్కసారి చూసి మొదలుపెడుదు. ఒకటి రెండుసార్లు కండ్లకద్దుకున్న కూడా. నవ్వకు. నవ్వితే లేచిపోత.

మోకాలి ఆపరేషనై మూడు నెలలు మెట్లు దిగొద్దన్నప్పుడు నువ్వే కదా ఇంటికొచ్చినవ్? "టీచర్, ఇది యుద్ధాలాటే గని తొందర లేదు. పచ్చీసు లెక్క. మీ వంతు మీరు ఆడాలె, అటు దిక్కోళ్ల వంతు వాళ్లు ఆడుతరు. మీరు ఒక్క ఎత్తుకు గంట ఆలోచించినా మిమ్మల్ని ఎవ్వరేమనరు" అన్నవ్. ఎంత మంచిగ చెప్పినవ్! నేను నీకు చెప్పిన దానికంటె మంచిగ చెప్పినవ్.

నిజంగనే మనసుకు పట్టింది. నేలంత గడులు గడులు. మన దిక్కు ఈటెలోళ్లు నలుగురు, విలుకాండ్లు ఇద్దరు, మంత్రాలామె ఒకతె. అటు దిక్కు కొమ్ములోళ్లు, కోరలోళ్లు. మనోడు ఒకడు చచ్చిండంటే ఇగ ఆట అయిపోయేదాక లేవడు. దెబ్బ కొట్టే ముందు అది తగిలే అవకాశం నూటికి ఎంతనో తెర మీద రాసి చూపెడుతది. ముప్పై నాలుగేండ్లు లెక్కలు చెప్పినదానికి ఇంకేం కావాలె? గ్రాఫు కాయితాల బుక్కు కొనుక్కొచ్చిన. ఎవడు ఏ గడిల నిలవడాలె, ఎవడి వెనుక ఎవడు, అంత పెన్సిలుతోని గీసుకున్నంకనే మౌసు ముట్టుదు. మా సారు పేపరు చదువుకుంట, "ఏమే, ఇయ్యాల ఎందరిని చంపినవ్?" అని అడుగుతుండె. "అన్నం తిన్నంక చంపుత" అంటుంటి.

ఇరవై యుద్ధాలు శ్యామూ! ఇరవై గెలిచిన. ఒక్కడు చావలే నా దండుల. ఎంత పొంగిపోయిన్నో!

గా పొంగే కొంప ముంచింది. ఆట ఆడినోళ్లు తమ అభిప్రాయాలు రాసే పేజీ ఉన్నది కదా, తెలుగోళ్లది. నువ్వే చూపెట్టినవ్. అన్నీ ఏడుపులే. ఒకాయన "నూటికి డెబ్బై అని చూపెట్టి వరుసగ మూడుసార్లు తప్పించింది, ఇది ఆట కాదు దగా" అని రాసిండు. ఇంకొకాయన "దీన్ని చేసినోనికి ఇంట్ల పెండ్లాం పిల్లలు లేరా, మా మీద పడ్డడు" అన్నడు. ఇంకో ఆయనైతే "తొమ్మిదో యుద్ధంల దండంత ఖతం, కంప్యూటర్ బంద్ చేసి బర్లకు గడ్డి ఏసొచ్చిన, పాణం జర నిమ్మళమైంది" అని.

నేను ఊకుంటనా? పాఠం చెప్పకుంట ఉండగలుగుతనా? రాసిన. పేజీలకు పేజీలు రాసిన. "నాయనా, డెబ్బై అంటే అది మాట ఇచ్చినట్టు కాదు. పదిట్ల మూడు తప్పుతయి. ఆ మూడు వెంటవెంటనే కూడా రావచ్చు. పాచికలకు నీ మీద పగ లేదు, నా మీద ప్రేమ లేదు. నాకు అరవై ఎనిమిదేండ్లు, మోకాలు కొత్తది. నేను గెలిచిన. మీరు గెలువరా? మీకు తక్కువున్నది తెలివి కాదు, ఓపిక." గిట్ల రాసిన. ఎంతమంది మెచ్చుకున్నరో! టీచరమ్మ, టీచరమ్మ అని ఒకటే పిలుచుడు. రిటైరైనంక నన్ను అట్ల పిలిచినోళ్లు ఎవరున్నరు చెప్పు? కూరగాయలామె కూడా అక్కా అనే అంటది.

వాళ్లల్ల ఒక పిల్ల ఉంది, నవనీత. ఆదిలాబాద్‌ల దవాఖానల నర్సు. తొమ్మిదో యుద్ధం పదకొండుసార్లు ఓడిపోయిన, ఇగ దీన్ని తీసేస్తున్న అని రాసింది. "తీసెయ్యకు బిడ్డా, నేను చెప్త" అన్న. గ్రాఫు కాయితం మీద బొమ్మ గీసి, ఫోటో తీసి పంపిన.

తొమ్మిదో యుద్ధంల ఏముంటది? ఏరు, ఏటి మీద వంతెన, వంతెన అవతల పెద్ద రాక్షసుడు. నా ఆటల వాడు వంతెన కాడికొచ్చి ఒక్క వంతు ఊకె నిలవడుతడు. ఎక్కాల్నా వద్దా అని ఆలోచించినట్టు. ఆ ఒక్క వంతుల నేను ఈటెలోళ్లను అటిద్దరిని ఇటిద్దరిని పెట్టి, విలుకాండ్లను మిట్టెక్కిస్త. ఖతం, వాడు వంతెన మీదనే పడుతడు. గిదే రాసిచ్చిన ఆ పిల్లకు.

ఆడింది. ఓడింది. "టీచర్, రాక్షసుడు ఆగుతలేడు. వచ్చుడు వచ్చుడే మీద పడుతున్నడు" అని రాసింది.

నేనేమన్ననో చెప్పాల్నా? "ఆగుతడు. నువ్వు సరిగ్గ చూస్తలేవు" అన్న.

మళ్ల ఆడింది. "ఆగలేదు టీచర్." "గడులు తప్పు లెక్కపెట్టినవ్, మళ్ల లెక్కపెట్టు." ఇంకోసారి. "డ్యూటీ దిగొచ్చి అలిసిపోయి ఆడుతున్నవేమో, నిద్రపోయి లేచి ఆడు." గిట్ల ఏడుసార్లు! ఏడుసార్లు ఆ పిల్ల కండ్లతోని చూసింది చెప్పింది, ఏడుసార్లు నేను అది తప్పన్న. ఆఖరికి ఏం రాసిందో తెలుసా? "నాకే బుర్ర లేదు టీచర్. చిన్నప్పటి సంది లెక్కలల్ల గింతే నేను. మిమ్మల్ని పరేషాన్ చేసిన, ఏమనుకోకుండ్రి."

అప్పుడన్నా నాకు అనుమానం రావద్దా? రాలే. "జర మీ ఆట ఫోటో పంపుండ్రి, ఎట్ల నిలవెట్టిన్రో చూస్త" అంటే, ఏం ఫికర్ లేకుంట సంబురంగ పంపిన.

చాలసేపటికి జవాబొచ్చింది. ఒక్కటే ముక్క. "టీచర్, మీది ఆకు మీద ఉంది."

ఆ పిల్ల నవ్వలే శ్యామూ. తిట్టలే. తిట్టినా బాగుండు. నవ్వెటోళ్లు వెనుకొచ్చిన్రు. ఆకు టీచర్ అని పేరు పెట్టిన్రు. వాళ్లే విడమరిచి చెప్పిన్రు నాకు, చిన్నపిల్లకు చెప్పినట్టు. ఈ ఆటల మూడు మెట్లుంటయట. ఆకు, కత్తి, పుర్రె. ఆకు అంటే కొత్తోళ్లకు, పసిపోరగాండ్లకట. లోకమంత కత్తి మీద ఆడి చస్తున్నరట. ఆకు మీద రాక్షసుడు వంతెన కాడ ఒక వంతు ఆగుతడట, కొత్తోళ్లకు ఆలోచించుకునే సందు దొరకాల్నని. తెర మీద డెబ్బై అని రాసి, లోపట ఎనభై ఐదు లెక్క కడుతదట.

పాచికలకు ప్రేమ లేదన్న కదా నేను! నా మీద ఎంత ప్రేమనో చూడు.

ఈ బుక్కు చూడు. ఇది నా రాత. డెబ్బై చూపెట్టిన దెబ్బలు ఎన్ని తగిలినయో గీతలు పెట్టుకుంట వచ్చిన, ఐదు గీతలకు ఒక అడ్డగీత. రెండు వందల దెబ్బలు. ఎన్ని తగలాలె? చెప్పు, నోటిలెక్కనే. ఆ, నూట నలభై. ఎన్ని తగిలినయి? నూట డెబ్బై ఒకటి. ముప్పై ఒకటి ఎక్కువ! పోయిన దసరా నాడే కూడిన ఈ లెక్క. ఇదే ఏ పిల్లన్నా తెచ్చి చూపెడితె, "ఎక్కడ్నో తప్పున్నది, మళ్ల చూడు" అనకపోదునా? నా బుక్కు కదా. పేజీ తిప్పేసిన. నేను నిలవెట్టే తీరే అంత మంచిగున్నదేమో అనుకున్న.

నీ దిక్కే తప్పంత తోస్తలేను. గని చెప్పు, ఎందుకు పెట్టినవ్ ఆకు?

ఏంది? గట్టిగ చెప్పు.

రెండు దినాలల్ల విసుగొచ్చి వదిలిపెడుతరనుకున్నవా? సరే. వదిలిపెట్టలే కదా నేను. రెండేండ్ల సంది వారం వారం ఇక్కడ కూసొని, పన్నెండో యుద్ధం ఎట్ల గెలిచిన్నో కథలు కథలుగ చెప్పితిని. "వావ్ టీచర్" అన్నవ్. అప్పుడు చెప్పొచ్చు కదా?

సంతోషంగ ఉన్నరని చెప్పలేదా. మంచిగుంది. నా సంతోషం నీ చేతుల పెట్టి నేనెప్పుడు చెప్పిన, జర దాచిపెట్టు బిడ్డా అని? వేరేటోడు ఎవడన్న చేస్తే ఇంత మండదు నాకు. నువ్వు నా దగ్గర చదివినోనివి. నేనేం చేయగలుగుతనో కూడా చూడకుంటనే మార్కులేసినవ్.

ఇగ చాలు. ఇటు తిప్పు తెరను. ఆ ఆకును తీసెయ్. కత్తి పెట్టు.

నడుమల మార్చరాదా? మొదటి సంది ఆడాలంటవా? ఆడుత. నీకెందుకు? నేను కదా ఆడేది. ఈటెలోళ్లు చస్తే చస్తరు.

ముందు ఆ అభిప్రాయాల పేజీ తీయ్. ఇంట్ల రాయబుద్ధి కాలే, మా సారు వెనుక నిలవడి చదువుతడు. నువ్వు టైపు చెయ్యకు, నేనే చేస్త. నాకు తెలుగు వత్తులు నీకంటె మంచిగొస్తయి.

"నవనీతా, నువ్వు చూసిందే నిజం. వంతెన కాడ రాక్షసుడు ఆగడు. నీకు నేను చెప్పింది తప్పు. నువ్వు పద్దెనిమిదిసార్లు నిజమైన యుద్ధంల ఓడినవ్, నేను ఒక్కటి కూడా నిజంది ఆడలే. ఇయ్యాలనే మొదటి యుద్ధం మొదలు పెడుతున్న. నాకంటె నువ్వే ఎనిమిది యుద్ధాలు ముందున్నవ్. అందరి ముందర రాస్తున్న, అందరు చదువుండ్రి."

పోయిందా? పోయింది కదా. మంచిది.

ఎందుకట్ల మొకం ముడుచుకున్నవ్? లేచిపోతున్ననని సంబురపడకు, ఇంకొక్కటున్నది. ఆ పిల్లకు రాసి నీకు చెప్పకపోతే నాకు నిద్ర రాదు. ఇందాక గిరాకీ ముందర కూడా అన్నవ్ కదా, "మా సరళ టీచర్ అర మార్కు ఊకె వెయ్యది, ఆమె కింద తొమ్మిదో తరగతి లెక్కలు పాసైన నేను, ఈ మిషన్లు నాకొక లెక్కనా" అని? ఎన్నేండ్ల సందో వింటనే ఉన్న ఆ మాట. వచ్చినోళ్లందరికి చెప్తవ్. నేను ఇట్ల బ్యాగు సర్దుకుంట కూసుంట.

ఆ పరీక్షల నేనేసిన ముప్పై ఆరు మార్కులు నీకు రాలే శ్యామూ. పందొమ్మిది వచ్చినయి.

ఆ, పందొమ్మిది. త్రిభుజం ఒకటి గీసి వదిలిపెట్టినవ్, మూలలకు పేర్లు కూడా పెట్టలే. ఏ, బి, సి నేనే రాసిన. ఎర్ర పెన్నుతోని కాదు, బ్లూ పెన్నుతోని, నీ రాత లెక్క కొంచెం వంకర చేసి. కింద నాలుగు లైన్లు కూడా నేనే రాసిన. స్టాఫ్ రూముల తలుపు దగ్గరికేసి.

మీ బాపు నిన్ను బడి మాన్పించి ట్రాక్టరు మీదికి పంపుతడని చేసిన్నని, ఇన్నేండ్లు నాకు నేను చెప్పుకున్న. అది కూడా అబద్ధమేం కాదు. గని సెలవులల్ల నెల దినాలు నిన్ను కూసోబెట్టి చెప్తే వస్తుండె నీకు. ఇయ్యాల నూట నలభై ఎంత జల్ది చెప్పినవ్! రాని పిలగానివి కాదు నువ్వు.

నాకే ఆ యేడు ఓపిక లేకుండె, బిడ్డా. అంతే.