మొదటి చేప నీళ్ళలోనే

జంషెడ్‌పూర్, సిద్ధగోరాలో దాలమ్మ ఇల్లు, పొద్దున్న తొమ్మిదిన్నర. రాత్రంతా రైల్లో నిలబడి వచ్చిన మరిది పైడిబాబు ఎదురుగా కూర్చున్నాడు, కూతురు శ్వేత డ్యూటీకి తయారవుతోంది. భర్త అప్పలరాజు సముద్రంలో పోయాడని ఊరంతా అంటున్నా దాలమ్మ మాత్రం తన గాజులు తీసేది లేదని ఇప్పుడే తేల్చి చెప్పింది.

“తియ్యనంటే ఎలాగొదినా? పన్నెండు రోజులైపోనాది.”

“ఐతే?”

“ఎల్లుండి దినం సెయ్యాలని అమ్మ అంతంది. నిన్ను తోలుకు రమ్మంది.”

“మనిషి దొరికినాడా?”

“నేదు.”

“మరి దినం ఎవులికి?”

“వొదినా...”

“టీ తాగు, సల్లారిపోతంది.”

“తాగుతాను.”

“మా, మై నికల్ రహీ హూఁ. కాకా, షామ్ కో మిల్తే హై.”

“శ్వేతా, ఎల్తన్నావు సరే, హెల్మెట్ పట్టీ కట్టుకున్నావేటి?”

“బాంధ్ లియా మా. రోజ్ ఏక్ హీ బాత్.”

“రోజూ అదే మాట అంటాను. గడ్డం కింద నొక్కు. సప్పుడు నాకు ఇనపడాల.”

“లో. సునా?”

“ఆ. ఇంకెల్లు.”

“వొదినా, పిల్ల ఏడవడం నేదేటి?”

“నాను ఏడిత్తే అది ఏడుద్దామని సూత్తంది. నాకు రావట్నేదు. వండతన్నాను, తింతన్నాను, ఉప్పేసినానో నేదో తెలట్నేదు. లోపల ఏటీ నేనట్టుంది పైడీ. నువ్వు మళ్ళీ సెప్పు. మొదట్నించీ.”

“ఫోన్లో సెప్పీసినాను కదా.”

“నా ఎదర కూకుని సెప్పు. ఏ సేప అది?”

“కోబియా. నల్లగా, పొడుగ్గా, దూరం నించి సొరలాగ కనపడతాది. మనిషంత పెరుగుతాది.”

“ఎక్కడ?”

“మన ఊరు ముక్కాం ఎదరే. ఒడ్డుకి మూడు మైళ్ళు ఉంటాదేమో. సర్వేవోళ్ళు గొలుసేసి దింపిన పసుపు పీపా ఒకటుందక్కడ. ఆ సేపకి నీడ కావాల వొదినా. ఏది తేలితే దాని కిందకొచ్చి నిలబడతాది. పీపా, దుంగ, తాబేలు, కడాకి మన తెప్ప. బయ్యం నేదు దానికి. పైకొచ్చి మన మొగం సూత్తాది.”

“మీ అన్నకి అవన్నీ గేపకం ఉన్నాయా? ఇరవై రెండేళ్ళు ఈ ఊళ్ళో చిమ్నీలెక్కినోడు.”

“మర్సిపోతాడేటి. ఠేకా పని అయిపోయి ఊరొచ్చిన వారానికే సెయ్యి తిరిగిపోనాది. నీల్లలో నల్లటి నీడ నాకన్నా ముందు అన్నయ్యే సూసేవోడు. ఆ పొద్దు కూడా ఆయనే సూసినాడు. ఐదో ఆరో ఉన్నాయి. బతికున్న కవల సేపని గేలానికి గుచ్చి వదిలితే, అందరికన్నా పెద్దది అన్నయ్య గేలానికే పడ్డాది.”

“పైకి లాగినాడా?”

“నేదు. నానే వద్దన్నాను.”

“అదేటి?”

“అదే పద్ధతి. మొదటిదాన్ని తెప్పలోకి లాగేత్తే మిగతావి లోతుకెల్లిపోతాయి. నీల్లలోనే ఉంచితే, ఇదెందుకు ఇలాగ కొట్టుకుంతందని దాని సుట్టూ తిరుగుతాయి. ఒకలు దాన్ని పట్టుకునుంటే ఇంకొకలు మిగతావి తీత్తారు. మా నాయనా సిన్నాన్నా అలాగే తీసేవోళ్ళు.”

“అంటే మీ అన్న పట్టుకునున్నాడు.”

“ఆ.”

“ఎంతసేపు?”

“నాను మూడు తీసినాను. అరగంట పైనే.”

“తర్వాత?”

“జారిపోనాడు.”

“ఎలాగ?”

“తెప్ప వొరిగింది. పడ్డాడు.”

“పడితే?”

“పడితే ఏటుంది వొదినా. పడ్డాడు.”

“పైడీ, మీ అన్నకి ఈత రాదేటి?”

“ఎందుకు రాదు.”

“పెళ్ళైన కొత్తలో నన్ను ఒడ్డుమీద కూకోబెట్టి, కంటికి ఆననంత దూరం ఎల్లి నవ్వుకుంటా వచ్చినాడు. నాను ఏడిసి సచ్చినాను ఆ పొద్దు. అలాటోడు పట్టపగలు, పక్కన తమ్ముడుండగా, ఎదర పీపా ఉండగా మునిగిపోతాడా? ఏ ఒడిశా తెప్పోళ్ళో ఎక్కించుకునుంటారు. ఫోను నీల్లలో పోనాది కాబట్టి సెయ్యలేదు. అందుకే గాజులు తియ్యను.”

“అలాగనుకోకు వొదినా. నీకు దండమెడతాను.”

“మరెలాగనుకోను? ఎన్నింటికి పడ్డాడు?”

“మజ్జానం.”

“ఒంటిగంటా, రెండా?”

“గడియారం సూసుకుంటామేటి అప్పుడు.”

“పోలీసు కాయితంలో పదీ ముప్పావని ఉంది. ఫోన్లో నువ్వు పంపిందే. శ్వేత సదివింది.”

“రాసినోడు తప్పు రాసుంటాడు.”

“పైడీ. నిన్ను తిట్టడానికి అడగట్నేదు. మీ అన్న పోనాడో నేదో నాకు తెలియాల. తెలిత్తే ఏడుపైనా వత్తాది. ఇలాగ రాయిలాగ ఎన్నాళ్ళుండను?”

“నడుముకి కట్టుకున్నాడు.”

“ఏటి?”

“గేలం తాడు. సేతులు కోసుకుపోతన్నాయి, నడుముకి సుట్టి ముడేసీసుకున్నాడు. అప్పుడే ఆ సేప పీపా కిందకి దూకింది. గొలుసు సుట్టూ తిరిగిపోనాది. దాంతోపాటు అన్నయ్య.”

“నువ్వు?”

“దూకినాను. కత్తి నోట కరుసుకుని మూడుసార్లు దూకినాను. రెండోసారి అన్నయ్య సెయ్యి తగిలింది. మూడోసారికి తాడు వదులుగుంది, గొలుసుకి పట్టిన గుల్లలకి తెగిపోనాది. సంతోషపడ్డాను వొదినా. ఇంక పైకొచ్చేత్తాడు అనుకున్నాను. రానేదు.”

“సెయ్యి తగిలిందన్నావు కదా.”

“ఆ.”

“నిన్ను పట్టుకుందా?”

“నేదు.”

“ఏలు కూడా కదపలేదా?”

“నేదొదినా.”

“ఊఁ. సరే.”

“కొంచెం నీల్లు తాగుతావా?”

“ఉండు. సేపున్న తాడు ఎవులైనా ఒంటికి కట్టుకుంటారేటి? సముద్రం ఒడ్డున పుట్టినోడికి తెల్దా?”

“ఎవులూ కట్టుకోరు. సిన్నపిల్లలు కూడా కట్టుకోరు.”

“ప్లాంటులో కట్టుకుంటారు. పైకెక్కినోడు బెల్టుకి తాడు తగిలించుకోకుండా అడుగెయ్యడు. కాని ఆ తాడు రెండో కొస ఇనుముకుంటాది.”

“అదే వొదినా, ఇరవై రెండేళ్ళ అలవాటు. అంచుమీద నిలబడేసరికి సెయ్యి దానంతటదే...”

“నెల రోజులూ అంచుమీదే నిలబడ్డాడు కదా. అన్నాళ్ళూ రాని అలవాటు ఆ పొద్దే వచ్చినాదా?”

“వచ్చినాది. ఏటి సెయ్యను. ఇంకో గలాసు టీ ఇత్తావా?”

“ఎవులు కట్టుకోమన్నారు?”

“నానే అన్నాను.”

“ఇప్పుడే కదా, ఎవులూ కట్టుకోరని సెప్పినావు.”

“నానే అన్నాననుకో. అలాగే రాసీసుకో నీ మనసులో. పట్టుకోమంది నానే కదా.”

“పదిన్నరకి నాను ఫోన్ సేసినాను.”

“వొద్దొదినా.”

“గాలి హోరు. ఏటి సేత్తన్నావంటే, అంచుమీద నిల్సున్నాను, రెండు సేతులూ ఖాళీ నేవు అన్నాడు. ఆ ఫోను ఎవులు పట్టుకున్నారు?”

“పీటమీద పెట్టి నానే స్పీకర్ నొక్కినాను.”

“ఐతే నువ్వూ విన్నావు.”

“గాలికి సరిగ్గా ఇనపడలేదు.”

“నానేటన్నాను?”

“నువ్వెప్పుడూ అనేదే వొదినా. అలవాటుగా అన్నావు.”

“ఏటన్నాను పైడీ?”

“‘తాడు కట్టుకున్నావా’ అన్నావు.”

“దానికి మీ అన్న ఏటన్నాడు?”

“‘ఇదిగో, కట్టుకుంతన్నానే, ఫోనెట్టెయ్’ అని నవ్వినాడు. నువ్వు ఎట్టేసినాక నిజంగానే కట్టుకున్నాడు. నాను నా సేపని సూత్తన్నాను. అటు తిరిగి సూసుంటే ఇప్పీసేవోణ్ణి.”

“ఇది ఇంకెవులికి తెలుసు?”

“ఎవులికీ తెల్దు. అమ్మక్కూడా సెప్పలేదు. సముద్రంలోనే వదిలేద్దామనుకున్నాను.”

“ఊఁ.”

“ఏడువొదినా. ఒకపాలి ఏడిసీ.”

“రావట్నేదు పైడీ. ఇప్పుడూ రావట్నేదు. రైలెన్నింటికి?”

“రాత్రికి.”

“వత్తాను. గాజులు అక్కడే తీత్తాను. శ్వేత ఐదింటికొత్తాది, దాన్నీ తోలుకెల్దాం.”

“ఆ పిల్ల కూడా అడుగుతాది కదా. నిజం సెప్పీనా?”

“జారిపడ్డాడనే సెప్పు. నిజం తెలిత్తే రేపట్నించి అది హెల్మెట్ పట్టీ కట్టుకోదు.”