వదిన నంబరు

కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు. విప్పిన మిషను మీద నూనెగుడ్డ కప్పేసి ఆమె ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఫోను స్పీకర్లో మరిది. అన్న పోయాక అతను తనంతట తాను వదినకు ఫోను చేయడం ఇదే మొదటిసారి, అదీ క్షేమం అడగడానికి కాదు.

"…అదే వదినా, ఆరంకెలు ఉంటాయి. మీ ఫోనుకి ఇప్పుడే వచ్చుంటుంది. చూసి చెప్పండి, చాలు."

"నీ కోడు నా ఫోనుకెందుకొస్తుంది?"

"ఏదో పొరపాటున వచ్చుంటుంది. ఆ గొడవంతా మీకెందుకు, అంకెలు చదవండి."

"పొరపాటునా. సరే ఉండు, కళ్లజోడు ఎక్కడ పెట్టానో."

"త్వరగా వదినా. కాసేపైతే అది పనికిరాదు."

"పోతే ఇంకోటి వస్తుందిలే. ఆ, దొరికింది. వచ్చింది కోడు. కింద ఇంకేదో రాసుందే. 'ఈ కోడును ఎవరికీ చెప్పకండి' అట."

"అది అందరికీ అలాగే వస్తుంది."

"'మా సిబ్బంది అడిగినా చెప్పకండి' అని కూడా ఉంది. నువ్వు సిబ్బందివి కూడా కాదాయె."

"వదినా, నేను మీ మరిదిని."

"మరిదికి చెప్పొచ్చని ఎక్కడా రాయలేదు."

"వేళాకోళం కాదు వదినా. పొద్దున్నుంచి నా మెయిల్ తెరుచుకోవట్లేదు. ఎవడో పాస్‌వర్డ్ మార్చేశాడు. ఆర్డర్లు, నా షోరూము బిల్లులు, నా పేజీ, అన్నీ ఆ మెయిల్ మీదే ఉన్నాయి."

"నీ పేజీ."

"అదే, మిషన్ల పేజీ."

"అయ్యో పాపం. ఎవరో పంపిన మెయిల్లో ఏదైనా నొక్కావా?"

"నేనెందుకు నొక్కుతాను? నేనేమన్నా…"

"ఆగిపోయావేం? నేనేమన్నా వదిననా అనబోయావు కదూ."

"అలా ఎందుకంటాను."

"ఇదివరకు అన్నావు కనక. మీ అన్నయ్య పోయిన నెలలో, ఇంటినిండా మనుషులుండగా. 'మీ వీడియోలో వేరేవాళ్ల పాట ఉంది, రేపటికల్లా పేజీ మూసేస్తాం, కాదంటే ఇక్కడ నొక్కండి' అని మెయిలొచ్చింది. ఏడ్చి ఏడ్చి ఉన్నాను, నొక్కాను. పాస్‌వర్డ్ అడిగితే కొట్టాను, కోడు అడిగితే అదీ కొట్టాను. తెల్లారేసరికి మీ అన్నయ్యా నేనూ నడిపిన వీడియోల పేజీ నాది కాకుండా పోయింది. అప్పుడు నువ్వేమన్నావు?"

"ఏదో కోపంలో అనుంటాను."

"'ఇలాంటివాళ్ల చేతికి ఫోనిస్తే ఇల్లు కూడా రాసిచ్చేస్తారు' అన్నావు. మీ చిన్నాన్న పడీ పడీ నవ్వాడు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను అక్కడే."

"పాతవన్నీ ఇప్పుడెందుకు వదినా? ఆ దొంగ దగ్గర్నుంచి డబ్బు పోసి పేజీని వెనక్కి కొన్నది నేనేగా? లేకపోతే అదీ దక్కేది కాదు."

"కొన్నావు. నాకు మాత్రం ఇవ్వలేదు."

"మీరు నడపలేరని."

"మిషను విప్పడం నాకొచ్చు, నీకు రాదు. సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు నీకు."

"వదినా, కోడ్."

"మీ అమ్మ ఉందా పక్కన? ఇవ్వు ఒకసారి."

"అమ్మెందుకిప్పుడు?"

"కోడు కావాలా వద్దా?"

"…అమ్మా, వదిన."

"ఆ, నేనేనమ్మాయ్. వాడు పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆ అంకెలేవో చెప్పెయ్యరాదూ?"

"చెబుతాను అత్తయ్యా. ఒక్క మాట చెప్పండి. ఆ పేజీని నేనేం చేశానని మీరనుకుంటున్నారు?"

"అమ్మేసుకున్నావట కదా. పోనీలే, నీ అవసరం నీది, నేనేమన్నా అన్నానా? కాకపోతే మా పెద్దాడి గొంతు వినపడేది అందులోనే. 'నూనె రెండు చుక్కలు చాలు, మూడో చుక్క బట్ట తాగుతుంది' అని ఎంత నెమ్మదిగా చెప్పేవాడో. అది కూడా లేకుండా చేశావే తల్లీ."

"నేను అమ్మానని ఎవరు చెప్పారు మీకు?"

"అమ్మా, ఫోనిటివ్వు."

"ఉండరా, మాట్లాడనీ."

"ఇటివ్వమన్నానా. హలో, వదినా. అమ్మకి సరిగ్గా వినపడదు, ఏదో అనుకున్నట్టుంది."

"నాకు బాగానే వినపడింది. గదిలోకెళ్లి తలుపేసుకో."

"ఎందుకు?"

"వేసుకో, చెబుతాను."

"వేశాను. చెప్పండి."

"నీకా మెయిలు తెరిచిపెట్టింది ఎవరు?"

"మీరే. నేను చదువుకునేటప్పుడు."

"అప్పుడు నీకు ఫోను లేదు. పాస్‌వర్డ్ మర్చిపోతే ఎవరి నంబరుకి కోడు పంపాలి అని అడిగితే నా నంబరే ఇచ్చాను. మళ్లీ మార్చుకోవాలని ఇన్నేళ్లలో నీకు తోచలేదు. పేజీలో కూర్చుని ఊరందరికీ జాగ్రత్తలు చెబుతావు, నీ తాళంచెవి మాత్రం నా దగ్గరే వదిలేశావు."

"అందుకేగా మిమ్మల్ని అడుగుతున్నాను."

"మొన్న నువ్వు కొత్త ఫోను కొన్నావు. 'మీ మెయిల్ కొత్త ఫోనులో తెరిచారు, అది మీరేనా' అని నాకు మెసేజీ వచ్చింది. అప్పటిదాకా నాకూ గుర్తులేదు. ఇవాళ కొట్టు తెరవగానే 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కాను. కోడు చక్కగా నాకే వచ్చింది."

"మీరా?"

"ఎవడో అన్నావు కదా. ఆ ఎవడో నేనే."

"వదినా, ఇది చాలా తప్పు. నేను పోలీసులకి చెప్పానంటే…"

"చెప్పు. వాళ్లకి చూపించడానికి నాకూ ఒకటి దొరికింది. నువ్వు రాసి దాచుకున్న మెయిళ్లలో వెనక్కి వెళ్తే, అప్పట్లో నాకొచ్చిన మెయిలు కనబడింది. 'వేరేవాళ్ల పాట', 'రేపటికల్లా మూసేస్తాం', అన్నీ ఉన్నాయి. దిద్దుకుని దిద్దుకుని రాశావు, పరీక్షలకి కూడా అంత కష్టపడి ఉండవు."

"అది నాకెవరో పంపితే, ఊరికే దాచి…"

"ఏ దొంగా లేడు. నువ్వెవరికీ డబ్బు పొయ్యలేదు."

"వదినా, సాయంత్రం నేనే వస్తాను. కూర్చుని మాట్లాడుకుందాం."

"కూర్చునే ఉన్నాను. మాట్లాడు. నా పేజీ నువ్వే తీసుకున్నావా, లేదా?"

"పేజీయేగా మీక్కావాల్సింది, తీసేసుకోండి. ఎవరొద్దన్నారు?"

"అది పొద్దున్నే తీసుకున్నాను. తీసుకుని చూస్తే మీ అన్నయ్య వీడియో ఒక్కటి లేదు. మొదటినుంచి చివరిదాకా నీ మొహమే. నేనడిగింది అది కాదు. తీసుకున్నావా, లేదా?"

"పరిస్థితి అలాంటిది…"

"సరే. నీ మెయిల్లో దాచుకున్నవన్నీ ఇక్కడున్నాయి. బిల్లులు అని ఉంది. తీసేస్తున్నాను."

"వద్దు వదినా."

"పోయాయి. ఆర్డర్లు. అవీ పోయాయి. తీసుకున్నావా?"

"నేను కాదు. నా స్నేహితుడొకడు సరదాగా…"

"షోరూము ఫొటోలు. నీ స్నేహితుడితో సహా పోయాయి."

"ఆపండి వదినా. తీసుకున్నాను. నేనే తీసుకున్నాను. సరేనా?"

"ఎందుకు?"

"మీరు పుట్టింటికి వెళ్లిపోతారనుకున్నాను. అన్నయ్య పేరు చూసి వచ్చే ఆర్డర్లు ఎవరికో పోతాయని…"

"నేనెక్కడికీ వెళ్లలేదు. కొట్టు తెరిచాను. వచ్చినవాళ్లందరూ 'పేజీ ఎంతకమ్మారండీ' అని అడుగుతుంటే తలొంచుకుని పని చేశాను. మొగుడు పోయిన నెలకే ఆయన్ని అమ్ముకున్నదాన్నని మీ అమ్మే అనుకుంటోంది, బయటివాళ్లనేం అనను?"

"అమ్మకి నేను చెబుతాను. నిజం చెప్పేస్తాను. మీరు ముందు అది మూసెయ్యండి."

"ఆ వీడియోలన్నిటికీ కెమెరా పట్టుకున్నది నేను. 'ఏమోయ్, చిన్న స్క్రూడ్రైవర్' అనేవారు, పక్కనుంచి నా చెయ్యొక్కటే కనపడేది. పేజీలో ఉన్నాయి కదా అని, చోటు చాలక నా ఫోనులోవి తీసేశాను. ఇప్పుడు నాకా పిలుపు వినాలనిపిస్తే ఎక్కడికి పోను? నువ్వు దోచుకున్నావు, అది దొంగతనం. మనిషి గొంతు తుడిచేశావు చూడు, దానికేం పేరు పెట్టాలో కూడా నాకు తెలియట్లేదు."

"అదే చెప్పబోతున్నాను వదినా, అందులో…"

"నువ్వు చెప్పింది ఇన్నాళ్లూ విన్నాను."

"ఒక్క నిమిషం. అందులో ఉన్నవి…"

"అందులో ఏమున్నా నాకక్కర్లేదు. ఒక్కొక్కటీ చూసి తీసే ఓపిక కూడా లేదు నాకు. మొత్తం ఒకేసారి తీసే వీలుంది ఇక్కడ. 'అన్నీ శాశ్వతంగా తొలగించాలా' అని అడుగుతోంది."

"నొక్కకండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"పట్టుకుందువుగాని. ముందు ఒట్టి చేతులతో రా."

"వదినా, నా మాట…"

"నొక్కాను. 'ఖచ్చితంగానా' అని మళ్లీ అడుగుతోంది, దీనికున్న జాలి కూడా లేకపోయింది నీకు. ఖచ్చితంగానే. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. అయిపోయింది. ఇప్పుడు తెలిసిందా, లేచేసరికి ఏమీ లేకపోతే ఎలా ఉంటుందో? ఏడుస్తున్నావా? ఏడు. నాకు హాయిగా ఉంది. ఎన్నాళ్ల తర్వాతో కడుపు చల్లగా ఉంది. వెధవ బిల్లుల కోసం ఏడుస్తున్నాడు మగాడు."

"బిల్లుల కోసం కాదు వదినా."

"మరి దేనికి?"

"అన్నయ్య వీడియోలు తుడిచెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. పేజీలోంచి దించి అన్నీ అందులోనే దాచాను, ఇంకెక్కడా లేవు."