ఇమానం మోగే యాళ్లకు ఇల్లు జూపిన ఐలయ్య

"గూడు విడిచె చిలకమ్మ ఉయ్యాలో... గువ్వకిచ్చె తలుపమ్మ ఉయ్యాలో..." ఆ తర్వాత ఏందో ఉండె బిడ్డా, నోట్లెనే ఉంది, వస్తలేదు. చిన్నప్పుడు నాట్లేసుకుంట పాడేటోళ్లం. పోనీ తియ్. నువ్వేందే అనుపమా, పొద్దుగాల్నుంచి ఆ ఫోన్ల మొకం బెట్టి కూసున్నవ్? ఇల్లమ్మిపెట్టే ఏజెంటును ఎతుకుతున్నవా? మీ గగన్‌పహాడ్ ఇంటికా? చుక్కలు జూసి ఎంచుకుంటరా? ఐదు చుక్కలా! నా ఇల్లమ్మిపెట్టిన ఐలయ్యకు ఒక్క చుక్క గూడ లేకుండె. నెత్తికి రుమాలు, కాళ్లకు అరిగిన చెప్పులు, గంతే. ఆయన పోయి గూడ పదేండ్లు దాటె. కానీ మనం ఇట్ల నీడపట్టున కూసున్నమంటే ఆయన పున్నెమే.

మీ తాత పోయినంక శంషాబాద్‌ల ఆ ఇల్లొక్కటే నాకు మిగిలింది. మీ అమ్మ శ్రీలత షాద్‌నగర్‌ల కిరాయింట్ల మిషిని కుట్టి నిన్ను సాదుతుండె. ఇల్లమ్మి ఆడ రెండర్రలు కొంటే ముగ్గురం ఒక్క కప్పు కింద ఉంటమని నా ఆశ. మోసపోతే ముగ్గురం రోడ్డుమీదనే. గా ఎండకాలమే నువ్వు సెలవులకొచ్చి నాకు పలకమీద అ ఆ దిద్దిచ్చినవ్, యాదికుందా? తప్పు రాస్తే చెవి గూడ మెలేసినవ్, దొంగముండా.

ముందుగాల నరేందర్ అని ఒక ఏజెంటు కార్ల ఒచ్చిండు. చెప్పులిడువకనే అర్రలన్ని తిరిగిండు, గోడలు జూసిండు, స్లాబు జూసిండు, నన్ను మాత్రం జూడలె. "పెద్దమ్మా, అందరికంటే ఎక్కువ రేటు నేనిప్పిస్త. ఈడ ఏలుముద్ర పెట్టు, మిగతాది నేను జూస్కుంట" అన్నడు. చూస్తే కాయితం తెల్లగుంది. "రాత ఏది బిడ్డా?" అన్న. "తర్వాత రాస్కుంటం తియ్, నీకేమన్న సదువొస్తదా ఏంది?" అని నవ్విండు. అబద్ధమెందుకు, నా ఏలు లేసింది గూడ. ఎక్కువొస్తదంటే ఎవరికి చేదు? గప్పుడే ఐలయ్య గేటుకాడ దగ్గిండు. గోడపక్క శివమ్మ తోలిచ్చిందాయన్ని. పీటమీద కూసొని చెంబెడు నీళ్లు తాగి, "అక్కా, ఇది అమ్మినంక నువ్వు యాడుంటవ్?" అని అడిగిండు. వచ్చినోళ్లల్ల గా మాట అడిగింది ఆయనొక్కడే బిడ్డా. ఆడనే నా మనసు అటు ఒరిగింది. రేటు తక్వనే జెప్పిండు మల్ల. "ఎక్కువజెప్తే ఇయ్యాల సంబురపడ్తవ్, ఇల్లు మాత్రం ఏడాదైనా పోదు" అన్నడు. నరేందర్ కారు దుమ్ము లేపుకుంట పోయింది.

మా ఇల్లు ఎయిర్‌పోర్టు పక్కనే గద, మిగతా ఏజెంట్లు మీదికెళ్లి ఇమానాలు పోని యాళ్ల జూసి మనుషుల్ని తెచ్చేటోళ్లు. ఐలయ్య ఏం జేసేటోడో ఎరుకా? ఇమానాలు ఒకదాని తోక ఒకటి పట్టుకొని దిగే యాళ్లకే తెచ్చేటోడు! అల్మార్ల గిన్నెలు గలగలమంటుండె. "పిచ్చిగాని లేసిందా తమ్మీ, ఎవడు కొంటడు?" అన్న. "ఇయ్యాల దాస్తే రేపు నిన్నే తిడ్తడక్కా. ఈ సప్పుట్ల కూసొని చాయ్ తాగినోడే కొనేటోడు" అన్నడు. ఏడుగురు చెవులు మూసుకొని పోయిన్రు. ఎనిమిదో మనిషి రవీందర్. ఎయిర్‌పోర్టుల సామాన్లెత్తే పిలగాడు. చాయ్ తాగి, ఇంకో కప్పు అడిగి, "నాకిది జోలపాటనే అమ్మా" అన్నడు.

రిజిస్ట్రేషన్ ముందు ఐలయ్య నన్ను ఎంబడేసుకొని ఇంటికి నాలుగు దిక్కుల అడుగులు లెక్కబెట్టుకుంట నడిచిండు. ఆఫీసుల కాయితం నా చేతికిచ్చి "గట్టిగ సదువక్కా" అన్నడు. కాయితం కండ్లకాడికి తెచ్చుకున్న. ఎనకున్నోళ్లు "ముసలమ్మ సదివేవరకు తెల్లారుతది" అని గునుగుడు. "మీ ఇల్లు కాదు గద పోయేది, జర ఆగుండ్రి" అని వాళ్ల నోరు మూయించి నా దిక్కు తిరిగిండు. "నిదానంగ సదువు." అక్షరం అక్షరం కూడబలుక్కుంట ఇంటి హద్దులకాడికొచ్చిన. "తూ... ర్పు... న... రోడ్డు." ఐలయ్య చెయ్యెత్తిండు. "ఆగక్కా! తూర్పుకు ఇరవై రెండడుగులేస్తే శివమ్మ సందొచ్చె గద, రోడ్డు యాడిది?" రాసినాయన పాత కాయితం జూసి దించిండంట. నేను గట్లనే ఒప్పుకుంటే శివమ్మ నడిచే తొవ్వ గూడ అమ్మిపారేసినట్టే! నాకు ఐలయ్యను తోలిచ్చినామె తొవ్వ! మల్ల రాయించినంకనే ఊకున్నడు. ఏలు పెట్టలె బిడ్డా, సంతకం జేసిన. నువ్వు దిద్దిచ్చిన నా పేరు, "లచ్చమ్మ".

రెండేండ్లకు ఐలయ్య మంచంబట్టిండు. కబురంపితే పోయిన. బొక్కలు దేలి ఉండె. ఉన్న ఒక్క ప్లాటు తన బిడ్డ స్వరాజ్యం పేర రాసిస్తుండు, ఆ కాయితం నా చేతుల బెట్టిండు. "నీకు తెల్వని కాయితమా తమ్మీ?" అన్న. నవ్విండు. "నాకు ఒక్క అక్షరం రాదక్కా. అందుకే అమ్మేటోళ్లతోనే సదివిపిస్తుంటి. నేను నడిచింది, మీరు సదివింది కలిస్తేనే సంతకం." ఆనాడు సదువు తక్వ అని సిగ్గుపడ్డది నేను. ఆయన నా సదువు మీద నిలబడె, నేను ఆయన నడక మీద నిలబడితి. కాయితం ఇప్పిన గని అక్షరాలు అలుక్కుపోయినయి. "జర ఆగు తమ్మీ, అద్దాలు తుడుసుకుంట" అన్న. ఆయన కండ్లు మూసుకున్నడు. మీదికెళ్లి ఇమానం పోయింది. అది పోయేదాక ఆగి, "నిదానంగ సదువక్కా, నాకేం తొందర్లేదు" అన్నడు.